సర్ఖని సరిహద్దు లెక్కలు

నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలో సర్ఖని అని ఓ ఊరుంది. 1956 నవంబరు 1కి ముందు అక్కడ పుట్టినవాళ్లంతా ఆదిలాబాద్ జిల్లాలో పుట్టినట్టే లెక్క. అప్పటికి కిన్వట్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్‌ది మరి. భాషల వారీగా రాష్ట్రాలు పంచుకున్నప్పుడు కిన్వట్, రాజురా తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. నాందేడ్ నుంచి ముధోల్ తాలూకా ఆదిలాబాద్‌కు వచ్చింది. 1960 మే 1న బొంబాయి రాష్ట్రమూ రెండు ముక్కలై సర్ఖని మహారాష్ట్రలో తేలింది. నాలుగేళ్లు తిరక్కుండానే మూడు రాష్ట్రాలు చూసిన ఇళ్లవి, గడప దాటకుండానే.

గోండులు, కోలాములు, అంధ్‌లు, ప్రధానులు, బంజారాలు, తెలుగు మరాఠీ రైతులు కలిసి బతికే ఈ కొండపట్టులో ఎవరు నిలదొక్కుకున్నారు, ఎవరు వెనకబడ్డారు అని లెక్క తీయబోతే, కులం పేరుకన్నా ముందు అడగాల్సిన మాట ఒకటుంది: గీతకు ఏ పక్క?

రైలు మాత్రం ఆ గీతను పట్టించుకోలేదు. తిరుపతిలో బయల్దేరిన కృష్ణా ఎక్స్‌ప్రెస్ బాసర దాటి మహారాష్ట్రలోకి దూరి, ధర్మాబాద్, ముద్ఖేడ్, కిన్వట్ చుట్టి మళ్లీ తెలంగాణలోకి వచ్చి ఆదిలాబాద్‌లో ఆగుతుంది. హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్‌కు రైల్లో పోవాలంటే పక్క రాష్ట్రం మీదుగానే పోవాలి. ఆదిలాబాద్ స్టేషన్ ఈనాటికీ నాందేడ్ డివిజన్ కిందే ఉంది.

ఇక అసలు విశేషం బంజారాలది. మనం లంబాడాలు, సుగాలీలు అంటాం. కర్ణాటకలో వీళ్లు ఎస్సీలు. తెలంగాణలో ఎస్టీలు. మహారాష్ట్రలో రెండూ కాదు, విముక్త జాతి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కింద ముద్ర వేయించుకుని, 1952లో ఆ చట్టం రద్దయ్యాక ‘విముక్తులైన’ వాళ్ల జాబితా అది. ఒకే భాష, ఒకే సేవాలాల్ మహారాజ్, పెళ్లిళ్లలో ఒకే పాటలు, మూడు రాష్ట్రాల్లో మూడు పెట్టెలు.

తెలంగాణ ప్రాంతపు లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టంతో. దాని విలువ ఎంతో తెలియాలంటే ఒకే ఇంటి అక్కాచెల్లెళ్లను అనుకోండి. అక్క ఆదిలాబాద్ తండాలో కాపురం, చెల్లెలు కిన్వట్ తండాలో. అక్క కొడుకు ఎస్టీ. తెలంగాణలో ఎస్టీ కోటా 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది, ఢిల్లీ కొలువుల్లోనూ అది ఎస్టీ కోటాయే. తండ్రి సంపాదన ఎంతైనా అడ్డు రాదు. ఎస్టీ రిజర్వుడు సీట్లో పోటీ చేయొచ్చు. చెల్లెలి కొడుక్కి రాష్ట్రంలో విముక్త జాతుల 3 శాతం, కేంద్రంలో ఓబీసీ. దాంతోపాటు ‘నాన్ క్రీమీ లేయర్’ కాగితం కోసం తహసీల్ ఆఫీసు చుట్టూ తిరుగుడు. అసెంబ్లీలో వాళ్ల జాతికంటూ కేటాయించిన సీటు లేదు. ఇద్దరూ ఒకే ఎండలో ఒకే పత్తి ఏరిన కుటుంబాల పిల్లలు.

చెల్లెలి కొడుకు గీత దాటి వచ్చి ఎస్టీనంటే ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. ఈ సంగతి తేల్చింది ఒక తెలుగువాడి కేసే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో పెరిగిన మర్రి చంద్రశేఖరరావు ఆంధ్రలో ఎస్టీ. బొంబాయి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగితే కుదరదన్నారు. ఒక రాష్ట్రంలో వచ్చిన హోదా మరో రాష్ట్రానికి మూటగట్టుకుని పోయేది కాదని 1990లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయినా సరిహద్దు దాటి వచ్చి ఇక్కడ కులపత్రాలు పుట్టించుకుంటున్నారన్న ఆరోపణ ఆదిలాబాద్ ఆదివాసీ సంఘాల నోట ఏళ్లుగా వినిపిస్తోంది. 2017 చివర్లో అది పెద్ద గొడవే అయింది.

అలాగని మహారాష్ట్ర బంజారాలు రాజకీయంగా చితికిపోయారనుకుంటే పొరపాటు. ఆ రాష్ట్రాన్ని అందరికంటే ఎక్కువకాలం ఏలిన ముఖ్యమంత్రి వసంతరావ్ నాయక్ బంజారాయే. 1963 డిసెంబరు నుంచి 1975 ఫిబ్రవరి దాకా ఆయనే. ఆయన ఊరు గహులీ, యవత్మాల్ జిల్లా పుసద్ తాలూకా. మాహూర్ రేణుకమ్మ గుట్టకు పెన్‌గంగ అవతలి పక్క. ఆయన అన్న కొడుకు సుధాకర్‌రావ్ నాయక్ 1991లో ముఖ్యమంత్రి అయ్యాడు. మన పక్క ఎస్టీ హోదా ఉన్న లంబాడాల్లో ఇంతవరకు ఒక్క ముఖ్యమంత్రీ లేడు. పైనుంచి కింది దాకా ఒకే కొలబద్ద పెడితే లెక్క తప్పేది ఇక్కడే. ఒక కుటుంబం మంత్రాలయ (సచివాలయం) ఎక్కింది కదా అని మరాఠ్వాడా తండాలు దీపావళి దాటగానే చెరకు కోతకు వలసపోవడం ఆగలేదు.

నాయక్ హయాంలోనే 1972 కరువు వచ్చింది. రోడ్ల మీద కంకర కొట్టే పనులతో మొదలైన ఉపాధి హామీ 1977లో చట్టమైంది. అడిగినవాడికి పని ఇవ్వడం సర్కారు బాధ్యత అని దేశంలో తొలిసారి రాసుకున్నది మహారాష్ట్రే. మన ఊళ్లలో ‘నూరు రోజుల పని’ అంటూ వచ్చినదానికి మూలం అదే.

కాగితాల విషయానికి వద్దాం. సర్ఖని వైపు కులపత్రం ఒక్కటి చూపిస్తే పని కాదు, దాని మీద ‘వాలిడిటీ’ తెచ్చుకోవాలి. అందుకు ఎస్టీ అయితే 1950 సెప్టెంబరు 6కు ముందటి, విముక్త జాతి అయితే 1961 నవంబరు 21కి ముందటి ఆధారం చూపమంటారు. 1950లో ఈ ఊళ్లన్నీ నిజాం కాగితాల్లో ఉన్నాయి. అంటే ఉర్దూ. తాత బడిలో చేరిన రిజిస్టరు నకలు దొరికిందనుకోండి. ఒకటే వరస, వెలిసిన సిరా, కుడి నుంచి ఎడమకు. అందులో కులం గడిలో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఉర్దూ చదివేవాణ్ణి వెతికి, తర్జుమా చేయించి, దాని మీద ముద్ర వేయించుకోవాలి. తాత బడికే పోకపోతే 1954-55 ఖాస్రా వెతకాలి. మన దగ్గర ఖాస్రా పహాణీ, అక్కడ ఖాస్రా పత్రక్, రెండూ ఒకే హైదరాబాద్ రాష్ట్రం రాయించినవే. అన్నిటికంటే పేదవాడికే అన్నిటికంటే పాత కాగితం కావాలి. ఈ ఏర్పాటు చేసిన పుణ్యాత్ముడెవరోగానీ కోలాం గూడెం ముఖం చూసినవాడు కాదు.

భూమి చట్టాలు పోల్చిచూస్తే ఇంకా తమాషా. ఆదిలాబాద్ వైపు చెప్పుకునేది ‘వన్ ఆఫ్ సెవెంటీ’, అంటే 1970లో పదునెక్కిన భూబదలాయింపు నిబంధన. అది నేలను పట్టుకుంటుంది: షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఎవరిదైనా సరే, ఎస్టీకి తప్ప అమ్మరాదు. మహారాష్ట్ర చట్టం మనిషిని పట్టుకుంటుంది: ఎస్టీ రైతు రాష్ట్రంలో ఎక్కడున్నా కలెక్టరు అనుమతి లేకుండా బయటివాళ్లకు అమ్మలేడు. పైగా 1957 ఏప్రిల్ 1 నుంచి 1974 జులై 6 మధ్య చేజారిన ఎస్టీ భూముల్ని తిరిగి ఇప్పించేందుకు అక్కడ వేరే చట్టమే వచ్చింది. మన వన్ ఆఫ్ సెవెంటీ కాగితం మీద ఎక్కువ కఠినం. కానీ 1976 సవరణతో లంబాడాలు కూడా ఎస్టీలైపోయాక వాళ్లకు గోండుల భూమి కొనడానికి ఆ చట్టం అడ్డు రాలేదు. అంతవరకు షావుకారును ఆపిన గోడకు ఓ తలుపు తెరుచుకుంది.

ఈ మాట గట్టిగా రాసినవాడు మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, గోండుల కడుపుమంటకు కారణం తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం ఈయన్ని పెట్టుకుంది. మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. గోండీ వాచకాలు, గోండు పంతుళ్లకు శిక్షణ, ఆదివాసీలకు లక్షన్నర ఎకరాలకు పైగా పట్టాలు ఆ రోజుల్లోవే. అప్పుడు కిన్వట్ కూడా అదే జిల్లా. 1970ల చివర్లో తిరిగొచ్చి అవే ఊళ్లు చూసి 1982లో పుస్తకం వేశాడు. ఇచ్చిన పట్టాల్లో ఎన్నో వలస వచ్చినవాళ్ల చేతుల్లో కనిపించాయి. ఒకే సమాజాన్ని ఒకే మనిషి ముప్పై ఏళ్లకు పైగా ఎడంతో లెక్కగట్టడం మన దేశంలో అరుదు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది.

గీతలు, జాబితాలు మనకొక్కరికే ఉన్న తలనొప్పి కాదు. కెనడా పడమటి తీరంలో ట్సిమ్షియన్ అనే మత్స్యకార జాతి ఉంది. 1887లో వాళ్లలో దాదాపు 800 మంది విలియం డంకన్ అనే మిషనరీ వెంట సరిహద్దు దాటి అలాస్కాలోని అన్నెట్ దీవికి పోయి, పాత ఊరి పేరే, మెట్లకట్లా, కొత్త ఊరికీ పెట్టుకున్నారు. 1891లో అమెరికా ఆ దీవిని వాళ్లకు రిజర్వుగా ఇచ్చింది. 1971లో అలాస్కా మూలవాసులకు డబ్బు, భూమి కలిపి పెద్ద పంపకం జరిగితే వీళ్లు వద్దని రిజర్వునే ఉంచుకున్నారు. అలాస్కాలో మిగిలిన మూలవాసుల రిజర్వు అదొక్కటే. ఇవతల కెనడాలో ఉండిపోయిన దాయాదులకు మాత్రం 1927 నుంచి 1951 దాకా భూమి దావా కోసం చందా వేసుకుని లాయరును పెట్టుకోవడమే నేరం.

తైవాన్‌లో గీత లేదు, జాబితా ఉంది. అక్కడ ప్రభుత్వం గుర్తించిన మూలవాసీ తెగలు 16. చిప్‌లు ఎగుమతి చేసి గొప్పదైన ఆ దేశంలోనూ మూలవాసీ కుటుంబాల రాబడి సగటుకు చాలా దిగువనే. జాబితాలో లేని సిరాయా ప్రజలు కోర్టుకెక్కితే, వాళ్లకు దారి చూపాలని రాజ్యాంగ న్యాయస్థానం 2022లో చెప్పింది. ట్సిమ్షియన్లు పేదలా తైవానీయులు పేదలా అని అడిగితే జవాబు ఒక్క ముక్కలో రాదు. కిన్వట్‌లోనూ రాదు.

చేతికొచ్చే డబ్బు చూద్దాం. సర్ఖని పక్కన అయిదెకరాల పత్తి రైతు, అదే నేల, అదే వాన, సరిహద్దుకు ఇవతల మరో అయిదెకరాల పత్తి రైతు. తెలంగాణ 2018లో రైతుబంధు మొదలుపెట్టింది. ఎకరానికి పంటకు 4,000, తర్వాత 5,000 రూపాయలు. అంటే ఇవతలి రైతుకు ఏడాదికి 50,000. 2025లో అది రైతు భరోసాగా మారి ఎకరానికి పంటకు 6,000 అయింది. మహారాష్ట్ర 2023లో తెచ్చిన నమో శేత్కరీ పథకం ఎకరాలు చూడదు, ఇంటికి ఏడాదికి 6,000, అంతే. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000 ఇద్దరికీ సమానం. ధర్మాబాద్ తాలూకా సరిహద్దు ఊళ్లు మమ్మల్ని తెలంగాణలో కలపండని అడగడానికీ, 2023 ఫిబ్రవరిలో కేసీఆర్ నాందేడ్ వెళ్లి సభ పెట్టడానికీ వెనక ఉన్నది ఈ రైతుబంధు లెక్కే. ఆసరా పింఛను 2,016 ఉన్న రోజుల్లో అవతల వృద్ధులకు 1,000, తర్వాత 1,500.

2024 జులై వచ్చేసరికి తక్కెడ కొంత అటు ఒరిగింది. లాడ్కీ బహీణ్ పథకంలో అవతలి ఆడవాళ్లకు నెలకు 1,500. ఇవతల అక్కలకు ఆర్టీసీ బస్సు పూర్తిగా ఉచితం, అవతల ఎస్టీలో సగం టికెట్. మహారాష్ట్రలో బస్సును ఎస్టీ అంటారు, కులపత్రంలోని ఎస్టీ వేరు.

ఇందులో ఎకరాల మీద వచ్చే డబ్బు ఎకరాలున్నవాడికే. భూమిలేని కోలాం గీతకు ఏ పక్కనున్నా రైతుబంధు అతని గుమ్మం తొక్కలేదు. 2025లో తెలంగాణ భూమిలేని కూలీలకు ఏడాదికి 12,000 అంటూ వేరే పథకం పెట్టాకే ఆ ఖాళీ గుర్తుకొచ్చినట్టుంది. కోలాములు రెండు రాష్ట్రాల్లోనూ మరీ బలహీనమైన ఆదివాసీ తెగల జాబితాలో ఉన్నారు. అలాంటి 75 తెగల కోసం 2023 నవంబరులో కేంద్రం తెచ్చిందే పీఎం జన్‌మన్, 24,000 కోట్ల పైచిలుకు పథకం. అన్ని జాబితాల్లో రెండు పక్కలా ఒకేలా ఉన్నవాళ్లు వీళ్లు, అన్నిటికంటే అడుగున.

పత్తికి మాత్రం ఎక్కువ ధర ఎక్కడుంటే అదే రాష్ట్రం. 1972 నుంచి మూడు దశాబ్దాల దాకా మహారాష్ట్రలో పత్తి సర్కారుకు తప్ప ఎవరికీ అమ్మకూడదని ఏకాధికార కొనుగోలు ఉండేది. పక్క రాష్ట్రంలో రేటు పెరిగిన సంవత్సరం పత్తి బండ్లు రాత్రిపూట గీత దాటేవి. ఇప్పటికీ సీజన్లో ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు మహారాష్ట్ర బండ్లు వస్తూనే ఉంటాయి.

2025 సెప్టెంబరు 2న మహారాష్ట్ర ప్రభుత్వం మరాఠాలకు కుణబీ (ఓబీసీ) పత్రాలివ్వడానికి పాత హైదరాబాద్ గెజెట్‌ను ఒప్పుకుంది. వెంటనే బంజారాలు ‘అదే గెజెట్‌లో మమ్మల్ని తెగగా రాశారు, మాకూ ఎస్టీ ఇవ్వండి’ అని రోడ్డెక్కారు. ఆదివాసీ సంఘాలు ఎదురు ర్యాలీలు తీశాయి. ఇవతల లంబాడాలను జాబితా నుంచి తీసేయమని, అవతల బంజారాలను జాబితాలో చేర్చొద్దని గోండులు చేస్తున్న పోరాటం నిజానికి ఒకటే.

రెండు పక్కలా ఒకేసారి బతికేవాళ్లు కూడా ఉన్నారు. కిన్వట్‌తోపాటు పోయిన పాత రాజురా తాలూకాలో, ఇప్పటి జివతి దగ్గర, పరందోళి, అంతాపూర్, ముకదంగూడ, మహారాజ్‌గూడ వంటి 14 పల్లెలు మావంటే మావని మహారాష్ట్ర, తెలంగాణ రెండూ అంటున్నాయి. ఇవతల కెరమెరి మండలం, అవతల చంద్రపూర్ జిల్లా. అక్కడి ఇళ్లలో రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు, పల్లెలో మరాఠీ బడీ తెలుగు బడీ. ఒకే బంజారా రైతు తెలంగాణ కార్డు తీస్తే ఎస్టీ, మహారాష్ట్ర కార్డు తీస్తే విముక్త జాతి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో చంద్రపూర్‌కూ ఆదిలాబాద్‌కూ పోలింగ్ ఒకే రోజు, ఏప్రిల్ 11న పడింది. 2024లో చంద్రపూర్‌కు ఏప్రిల్ 19న, ఆదిలాబాద్‌కు మే 13న.