సిరప్పు సీసాలో నారింజ రంగు నీళ్లు

2024 నవంబరులో బళ్లారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ అయిన బాలింతలు వరుసగా ప్రాణాలు పోగొట్టుకున్నప్పటి నుంచి మనవాళ్లకు సెలైన్ బాటిలు చూస్తేనే గుబులు. ఐదుగురు పోయారు. ఎక్కించిన రింగర్ లాక్టేట్ మీద అనుమానం వచ్చి రాష్ట్ర ప్రభుత్వం ఆ కంపెనీ సరుకు వాడకం ఆపించింది. ఆసుపత్రి బాటిల్లో ఏముందో మనం కనిపెట్టలేం. ఇంట్లో, ల్యాబులో మనం దాచుకునే మందు సంగతి వేరు.

తోరణగల్లులో ఇనుప రాయితో పనిచేసే ఇళ్లే ఎక్కువ. రాయిలో ఇనుమెంతో తేల్చే పాత పద్ధతి ఒకటుంది. పొడి చేసిన రాయిని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కరిగించి, పొటాషియం డైక్రోమేట్ నీళ్లు చుక్కచుక్కగా వేసి కొలుస్తారు. ఆ డైక్రోమేట్ నీళ్లు నిగనిగలాడే నారింజ రంగు. పిల్లల జ్వరం సిరప్పులు కొన్ని సరిగ్గా అదే రంగు! కడుపులోకి పోతే గొంతు, పేగులు కాలిపోతాయి, కిడ్నీలు, లివరు దెబ్బతింటాయి.

ల్యాబు కెమికల్ ఇంటికెందుకు వస్తుందంటారా? బండల మీద మరకలు పోవాలనో, బోరు నీళ్లు పరీక్ష చేద్దామనో "కొంచెమే కదన్నా" అని ఖాళీ మందు సీసాలో పోసుకొచ్చేవాళ్లు ఉంటారు. వీధిలో అమ్మే బాత్రూం యాసిడ్ కూడా తాగి పారేసిన నీళ్ల బాటిల్లోనే వస్తుంది. రాత్రి కరెంటు పోయి, బిడ్డ దగ్గుతుంటే, అమ్మ చెయ్యి ఏ సీసా మీద పడుతుందో ఎవరు చెప్పగలరు?

సీసా మారకపోయినా ముప్పుంది, అది చాలామందికి తెలీదు. ఘాటు హైడ్రోక్లోరిక్ యాసిడ్ మూత వదులుగా ఉంటే పొగ వదులుతూనే ఉంటుంది. దాని దగ్గర అమ్మోనియా సీసా ఉంటే రెండు ఆవిర్లూ కలిసి చుట్టుపక్కల తెల్లటి పొడిలా పేరుకుంటుంది. ల్యాబులో పనిచేసిన అన్నలకు ఇది కొత్త కాదు. అదే గూట్లో ఫస్టెయిడ్ డబ్బా పెడితే? యాసిడ్ పొగకు స్ట్రిప్పు వెనక అల్యూమినియం రేకు పుచ్చిపోతుంది, తేమ లోపలికి పోతుంది. ఆస్ప్రిన్ మాత్ర తేమకే విరిగిపోయి వెనిగర్ వాసన కొడుతుంది. స్ట్రిప్పు కత్తిరించి కాగితంలో పొట్లం కట్టిన మాత్రలకైతే ఆ రేకు అడ్డం కూడా లేదు. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రను దాని సీసాలోంచి తీసి వేరే డబ్బాలో వేస్తే, ఏ యాసిడ్ లేకపోయినా బలం తగ్గిపోతుంది.

కాబట్టి ఫస్టెయిడ్ డబ్బా కెమికల్ ఉన్న గదిలోనే వద్దు. ల్యాబు ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టొద్దు, ఇంటి ఫ్రిజ్‌లో శాంపిల్ పెట్టొద్దు. సిరప్పు అయిపోగానే లేబులు చింపి సీసా పారేయండి. రేకుకు చిల్లు పడినా, మాత్ర రంగు మారినా వాడొద్దు, ఎంత ఖరీదైనా సరే.

ఎవరైనా పొరపాటున తాగితే ఉప్పునీళ్లు పట్టించి కక్కించకండి. పైకి వచ్చే యాసిడ్ గొంతును రెండోసారి కాలుస్తుంది. కంట్లో పడితే కనీసం పదిహేను నిమిషాలు కుళాయి నీళ్లతో కడగాలి. 108కి ఫోన్ చేసి, ఆ సీసాను అలాగే ఆసుపత్రికి తీసుకుపోండి. ల్యాబుదైతే కెమికల్ పేరేంటో షిఫ్టు ఇన్‌ఛార్జిని అడిగి డాక్టరుకు చెప్పండి. తిడతారని దాచొద్దు, డాక్టరు చేసే వైద్యం ఆ పేరు మీదే ఆధారపడుతుంది.