యంత్రం చెప్పే సాక్ష్యం చాలునా?

మూడేళ్ళ క్రితం ఒక కళాశాల వారు తమ పాత కంప్యూటర్లు పదింటిని మా మదర్సాకు విరాళంగా ఇచ్చారు. పిల్లలు వాటి మీద తెలుగు, ఉర్దూ టైపింగు నేర్చుకోసాగారు. ఆరు నెలలు నిండే వేళకు ఒక్కొక్క తెర మీద, విండోస్‌ను యాక్టివేట్ చేయమంటూ హెచ్చరిక కనిపించసాగింది. వాటిని అమర్చి ఇచ్చినవాడు మా పూర్వ విద్యార్థే. "దొంగ కాపీ వేసి మదర్సాను ఇరుకున పెట్టావా?" అని అందరి ఎదుట కటువుగా మందలించాము. అతడు నొచ్చుకున్నాడు గాని ఎదురు చెప్పలేదు. "హజ్రత్, నేను కొత్తగా ఏమీ వేయలేదు. కళాశాలలో ఉన్నది ఉన్నట్టే తెచ్చి పెట్టాను" అని మాత్రం అన్నాడు.

తరువాత అతడు వివరించగా మాకు బోధపడినది ఇది. ఇంటికి కొనే కంప్యూటరులో విండోస్ సాధారణంగా ఆ ఒక్క యంత్రానికే అనుమతితో వస్తుంది. కళాశాలలు, కార్యాలయాలు ఎన్నో యంత్రాలకు కలిపి 'వాల్యూమ్ లైసెన్స్' తీసుకుంటాయి. దానిని యాక్టివేట్ చేయడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. 'మాక్' పద్ధతిలో ఒకే కీని నిర్ణీత సంఖ్య మేరకు పలు యంత్రాలలో వాడతారు. 'కేఎంఎస్' పద్ధతిలో సంస్థలోని ఒక సర్వరే మిగతా కంప్యూటర్లకు ఆమోదం తెలుపుతుంది. ఆ ఆమోదం 180 రోజులే చెల్లుతుంది. ప్రతి 7 రోజులకొకసారి కంప్యూటరు ఆ సర్వరును సంప్రదించి గడువు పొడిగించుకుంటుంది. మా కంప్యూటర్లు కళాశాల గడప దాటిన నాడే ఆ సంబంధం తెగిపోయింది. గడువు తీరింది, హెచ్చరిక వచ్చింది. విరాళంగా వచ్చినవి యంత్రాలే. ఆ లైసెన్సు కళాశాల పేరిటే ఉండిపోయింది. దొంగతనం మాత్రం ఎవరూ చేయలేదు.

అనుమానాలకు దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపమని దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా బోధిస్తున్నది. ఏళ్ళ తరబడి ఆ పాఠం చెప్పిన మేమే దానిని మరచాము. అందరి ఎదుట మందలించాము గనుక అందరి ఎదుటే అతనిని క్షమాపణ కోరాము.

ఇంతలో ఒక దుకాణదారు మరొక ఉపాయం చెప్పాడు. కొద్ది రూపాయలిస్తే ఐదు నిమిషాల్లో అన్నీ యాక్టివేట్ చేస్తానన్నాడు. అది ఎలాగని మా విద్యార్థిని అడిగాము. వేరొక సంస్థ కీని వాడడమో, కంప్యూటరులోనే ఒక నకిలీ సర్వరును సృష్టించడమో జరుగుతుందని, అలాంటి ప్రోగ్రాముల వెంట వైరస్‌లు కూడా రావచ్చని చెప్పాడు. అప్పుడు తెర మీద హెచ్చరిక పోతుంది, కాని అనుమతి మాత్రం రాదు.

తప్పు లేనివారిని యంత్రం దోషులుగా చూపవచ్చు. 2007 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ సర్వర్లలో లోపం తలెత్తి, సక్రమంగా కొన్న విండోస్‌లను సైతం అసలైనవి కావని ప్రకటించాయి. తప్పు చేసినవారిని అదే యంత్రం నిర్దోషులుగానూ చూపవచ్చు. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో వాల్యూమ్ కాపీలకు యాక్టివేషన్ అవసరమే లేకుండెను. సంస్థలను నమ్మి ఇచ్చిన కీలు బయటికి పొక్కి లోకమంతా తిరిగాయి. ఆ తరువాత వచ్చిన విస్టా నుంచి వాల్యూమ్ కాపీలకూ యాక్టివేషన్ తప్పనిసరి అయింది. కొందరు అమానతును వమ్ము చేస్తే ఆ భారం అందరి మీదా పడింది.

కంటికి కనిపించని సాఫ్ట్‌వేర్‌లో హక్కేమిటని కొందరు అడుగుతారు. ఇటువంటి హక్కుల విషయమై ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉన్న మాట నిజమే. అయితే అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమై, రచన, ఆవిష్కరణల హక్కులు షరీఅత్ దృష్టిలో రక్షణ గలవని, వాటిని ఉల్లంఘించరాదని తీర్మానించింది. పైగా లైసెన్సు ఒక ఒప్పందం. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆదేశంతోనే అల్ మాయిదా సూరా ఆరంభమవుతుంది.

దుకాణదారును పంపివేశాము. ఆరు యంత్రాలపై తయారీ నాటి విండోస్ కీ ఉన్న స్టిక్కర్లు కనిపించాయి. వాటిలో ఆ విండోస్‌నే తిరిగి వేయించాము. తక్కిన నాలుగింటిలో లినక్స్ వేశాము. దానిని స్వేచ్ఛగా వాడుకొని పంచుకొనే అనుమతి దాని లైసెన్సులోనే ఉన్నది. ఆరింటిలో ఒకటి మాత్రం యాక్టివేట్ కాలేదు. లోపలి చిన్న బ్యాటరీ చచ్చి తేదీ ఏళ్ళ వెనక్కి పోయింది. బ్యాటరీ మార్చి తేదీ సరిచేయగానే పని జరిగింది.

విద్యాసంస్థలు నడిపే సోదరులకు ఒక మనవి. హెచ్చరిక రాగానే ఎవరినీ నిందించకండి. ముందు తేదీ, ఇంటర్నెట్, లైసెన్సు పత్రాలు చూడండి. 25 కంప్యూటర్లు లేనిచోట కేఎంఎస్ సర్వరు విండోస్ కంప్యూటర్లను యాక్టివేట్ చేయదు. అటువంటి చోట మాక్ గురించి విచారించండి. ఇంటికి కంప్యూటర్ కొనేవారు బిల్లులో విండోస్ ఉన్నదో లేదో అడగండి.

ఏ యంత్రంలో ఏ అనుమతి ఉన్నదో ఇప్పుడు మేము ఒక రిజిస్టరులో రాసి ఉంచుతున్నాము. ఆ రిజిస్టరు బాధ్యతను ఆనాడు మేము అనుమానించిన విద్యార్థికే అప్పగించాము.