బండి బరువెంత?



బ్యాటరీ ఆటోలను మీరు చూసే ఉంటారు. పొగ రాదు. చప్పుడు తక్కువ. సంఘంలో అప్పు తీసుకొని ఇలాంటి బండి కొనాలనుకునే వాళ్లున్నారు. "ఇంటి ముందు పాత ఆటో ఊకెనే పడి ఉన్నది. ఇంజను తీసేసి మోటరు పెట్టిద్దాం. పైన సోలారు పలక వేయిద్దాం" అనే వాళ్లూ ఉన్నారు.

మంచి ఆలోచనే. పెట్రోలు, డీజిలు కంటే కరెంటు ఖర్చు తక్కువ. కానీ బ్యాటరీ తొందరగా ఖరాబైతే వచ్చిన లాభమంతా కొత్త బ్యాటరీకే పోతుంది. బ్యాటరీ ఖరాబైనా అప్పు కిస్తు ఆగదు. అందుకే బేరం చేసే ముందు అడగవలసిన మాట ఒకటుంది. బండి బరువెంత?

బరువుతో పనేమిటి?

నిండు బిందె నెత్తిన పెట్టుకొని నడవండి. ఖాళీ బిందెతో నడవండి. ఎప్పుడు తొందరగా అలసిపోతారు? బ్యాటరీ కూడా అట్లనే అలసిపోతుంది.

బొగ్గు బాయి పని తెలిసిన ఇండ్లలో ఇది కొత్త సంగతి కాదు. హాలేజీ తాడు బొగ్గును ఒక్కదాన్నే లాగదు. ఇనుప టబ్బును కూడా లాగుతుంది. టబ్బు బరువుకు పైసా రాదు. బొగ్గుకే వస్తుంది. ఆటో కూడా అంతే. మనుషులను మోస్తే కిరాయి వస్తుంది. బండి సొంత బరువును మోస్తే ఏమీ రాదు.

బండి ఆగి మళ్లీ కదిలినప్పుడు బరువు ఎక్కువ తెలుస్తుంది. వంతెన ఎక్కేటప్పుడు ఇంకా తెలుస్తుంది. ఆటో పది చోట్ల ఆగాలి, పది చోట్ల కదలాలి. ప్రతిసారీ బరువు బ్యాటరీని పిండుతుంది.

అన్నిటికంటే బరువు బ్యాటరీదే

పెట్రోలు బండిలో నాలుగు లీటర్ల పెట్రోలు మూడు కిలోల బరువే. కరెంటు బండి సంగతి వేరు. చాలా ఆటోల్లో సీసం బ్యాటరీలు నాలుగు ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 30 కిలోలు. నాలుగూ కలిపి 120 కిలోలు. అంటే ఇద్దరు మనుషులు దిగకుండా రోజంతా బండిలో కూర్చున్నట్టే. కిరాయి మాత్రం ఇవ్వరు!

లిథియం బ్యాటరీ అని ఇంకొక రకం ఉంది. అంతే కరెంటు నిలువ చేసే లిథియం బ్యాటరీ సుమారు 40 కిలోలే ఉంటుంది.

ఈ తేడా మన కార్మికుల తలదీపంలోనూ కనబడుతుంది. వెనకట బాయిలోకి దిగేటప్పుడు నడుముకు బరువైన సీసం బ్యాటరీ కట్టుకునేవారు. దాని నుంచి తీగ టోపీ దీపానికి పోయేది. ఇప్పుడు లిథియం బ్యాటరీతో తేలిక దీపాలు వచ్చాయి. కొన్ని దీపాల్లో బ్యాటరీ టోపీ మీదనే ఇమిడిపోతుంది.

కార్లలోనూ ఇదే జరిగింది. బెంగళూరులో తయారైన రేవా అనే చిన్న కరెంటు కారు 2001లో అమ్మకానికి వచ్చింది. అందులో ఎనిమిది సీసం బ్యాటరీలు ఉండేవి. ఒకసారి చార్జి చేస్తే 80 కిలోమీటర్లు పోతుందని కంపెనీ చెప్పింది. 2009లో లిథియం బ్యాటరీ పెట్టారు. అప్పుడు 120 కిలోమీటర్లు అని చెప్పింది.

లిథియం ధర ఎక్కువే. కానీ ఎక్కువ ఏండ్లు పనిచేస్తుంది. సీసం బ్యాటరీని రోజూ అడుగు దాకా వాడితే చాలాసార్లు ఏడాది, ఏడాదిన్నరకే బలం తగ్గిపోతుంది. ధర ఒక్కటే చూడకండి. ఎన్ని ఏండ్లకు ఎంత ఖర్చో లెక్క చూడండి.

బరువు బరువును పిలుస్తుంది

"బండి దూరం పోతలేదు. ఇంకో రెండు బ్యాటరీలు పెట్టు" అంటారు కొందరు. అప్పుడేమవుతుంది? ఇంకో 60 కిలోలు పెరుగుతుంది. ఆ బరువుకు స్ప్రింగులు చాలవు. గట్టివి వేయాలి. బ్రేకులు చాలవు. పెద్దవి కావాలి. వాటి బరువు మళ్లీ కలుస్తుంది. కొత్త బ్యాటరీలు ఇచ్చిన బలంలో కొంత వాటిని మోయడానికే పోతుంది.

ఇదే మాటను తిప్పి చూడండి. బండి బరువు తగ్గితే చిన్న బ్యాటరీ చాలు. చిన్న బ్యాటరీ పెడితే బండి ఇంకా తేలికవుతుంది. అప్పు కూడా తక్కువవుతుంది.

పైన సోలారు పలక వేస్తే చాలదా?

మన దగ్గర ఎండకు కొదవ లేదు. సింగరేణి మందమర్రిలో సోలారు ప్లాంటు కూడా పెట్టింది. అక్కడ పలకలు నేల మీద ఉంటాయి. ఎంత బరువైనా నేల మోస్తుంది. ఎంత జాగా అయినా పరుచుకోవచ్చు. బండి మీద అట్ల కుదరదు.

ఆటో కప్పు మీద రెండు చదరపు మీటర్ల పలక పడుతుంది. నడి మధ్యాహ్నం మంచి ఎండలో అది 400 వాట్ల దాకా ఇస్తుంది. కరెంటు ఇస్త్రీపెట్టెకు 1000 వాట్లు కావాలి. అంటే కప్పు మీది పలకతో ఇస్త్రీపెట్టె సగం కూడా వేడెక్కదు! రోజంతా కలిపితే ఒకటిన్నర యూనిట్, మహా అయితే రెండు యూనిట్లు. నాలుగు బ్యాటరీలు నిండాలంటే సుమారు ఐదు యూనిట్లు కావాలి. మిగిలింది ఇంట్లో ప్లగ్గు నుంచే రావాలి. పలక మీద బొగ్గు దుమ్ము పడితే ఇంకా తగ్గుతుంది. తడిగుడ్డతో తుడుస్తూ ఉండాలి.

అద్దం పలక బరువు 20 కిలోలు దాటుతుంది. దాని కింద ఇనుప చట్రం వేరే. బరువు పైన ఉంటే మూడు చక్రాల బండి మలుపులో ఒరుగుతుంది. పలక వేయాలంటే తేలిక రకం పలక, అల్యూమినియం చట్రం అడగండి.

ఎండతోనే కారు నడిపిన వాళ్లు లేరా? ఉన్నారు. 1987లో ఆస్ట్రేలియాలో సోలారు కార్ల పందెం జరిగింది. దూరం సుమారు 3,000 కిలోమీటర్లు. అమెరికా వాళ్ల సన్‌రేసర్ అనే కారు గెలిచింది. మధ్యాహ్నం ఎండలో దాని పలకలు ఇచ్చింది సుమారు 1500 వాట్లు. ఒకటిన్నర ఇస్త్రీపెట్టెకు సరిపోయే కరెంటు. అయినా సగటున గంటకు 67 కిలోమీటర్ల వేగంతో పోయింది. ఎట్లా? కూర్చునేది ఒక్క మనిషి. చట్రం అల్యూమినియం గొట్టాలది. గాలికి అడ్డం తగలని ఆకారం. ఎండ తక్కువ బలమే ఇస్తుంది. ఆ బలం సరిపోవాలంటే బండి తేలికగా ఉండాలి.

ఏది తీయాలి? ఏది తీయవద్దు?

పాత ఆటోను మార్చేటప్పుడు ఇంజను, సైలెన్సరు, పెట్రోలు ట్యాంకు తీసేస్తారు. వాటిని పట్టిన ఇనుప పట్టీలను కూడా తీయించండి. పైనున్న బరువైన ఇనుప క్యారియరు అక్కర ఉందా? చూడండి. సీటు కింద మందపాటి చెక్క ఉంటే తేలిక పలక వేయించవచ్చు. చక్రాల్లో గాలి సరిగ్గా ఉంచండి. గాలి తక్కువుంటే బరువు పెరిగినట్టే బండి మొరాయిస్తుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు.

కొన్నిటిని మాత్రం ముట్టవద్దు. అడుగు చట్రం కోయించవద్దు. బ్రేకులు, స్టీరింగు చిన్నవి చేయించవద్దు. బ్యాటరీని కట్టి ఉంచే గట్టి పెట్టెను తీయించవద్దు. బరువు కోసం ప్రాణం పణం పెట్టకూడదు. బ్యాటరీని కిందికి, చక్రాల నడుమకు పెట్టించండి. బండి నిలకడగా ఉంటుంది.

ఇంకొక మాట. ఎవరికి తోచినట్టు వారు ఇంజను మార్చితే చట్టం ఒప్పుకోదు. పుణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థ ఒప్పుకున్న కిట్టే పెట్టించాలి. ఆర్టీఏ ఆఫీసులో ఆ మార్పు రాయించాలి. రాయించకపోతే ప్రమాదం జరిగిన రోజు బీమా డబ్బు రాకపోవచ్చు.

ఎక్కువమందిని ఎక్కించవద్దు. ఈ-రిక్షాలో డ్రైవరు కాక నలుగురే ఎక్కాలని, సామాను 40 కిలోలు మించవద్దని 2014లో కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. ఆరుగురిని ఎక్కిస్తే ఆ పూట పది రూపాయలు ఎక్కువ వస్తాయి. కానీ బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

లెక్క చేద్దాం

పలక, కాగితం తీయండి. ఒక ఆటో అనుకుందాం.

బండి 230 కిలోలు.
సీసం బ్యాటరీలు 120 కిలోలు.
డ్రైవరు 60 కిలోలు.
నలుగురు మనుషులు 220 కిలోలు.
మొత్తం 630 కిలోలు.

సీసం బదులు 40 కిలోల లిథియం పెడితే మొత్తం ఎంత? 550 కిలోలు. 80 కిలోలు తగ్గింది. అంటే ఎనిమిదో వంతు. నెమ్మదిగా పోయే బండికి బ్యాటరీ మీద భారం కూడా దగ్గర దగ్గర అంతే తగ్గుతుంది. మునుపు 70 కిలోమీటర్లు పోయే బండి అదే కరెంటుతో సుమారు 80 పోతుంది. రోడ్డును బట్టి, ఎత్తును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. రోజుకు పది కిలోమీటర్లంటే ఇంకొక రెండు మూడు కిరాయిలు.

సంతకం పెట్టే ముందు

అక్కా, మీరు ఇప్పుడు వేలిముద్ర వేసే మనిషి కాదు. కాగితం చదవగలరు. బండి కాగితాల్లో ఖాళీ బండి బరువు రాసి ఉంటుంది. వేలు పెట్టి వెతికి చదవండి. తర్వాత ఈ మాటలు అడగండి.

బ్యాటరీ ఏ రకం? బరువెంత?
ఎన్ని ఏండ్ల గ్యారంటీ? కాగితం మీద రాసిస్తారా?
నిండు మనుషులతో ఎంత దూరం పోతుంది?
కిట్టుకు ఆమోదం కాగితం ఉన్నదా?
అప్పు తీరేదాకా బ్యాటరీ పనిచేస్తుందా?

జవాబులు మీ చేతితోనే రాసుకోండి. సంఘంలో అందరి ముందు చదివి వినిపించండి. సంతకం ఆ తర్వాత పెట్టవచ్చు.