ఝాన్సీకి ఈలలు సరే... జైల్లో అక్క మాటేంటి?

'ప్రతిఘటన' క్లైమాక్స్ గుర్తుందిగా? 1985లో వచ్చిన ఆ సినిమాలో లెక్చరర్ ఝాన్సీ (విజయశాంతి) గొడ్డలెత్తి కాళి (చరణ్‌రాజ్)ని నరుకుతుంటే హాలు హాలంతా ఈలలే! దర్శకుడు టి.కృష్ణ మన ప్రకాశం జిల్లావాడు. మిర్చి కోతల్లో చేతులు మండినా సెకండ్ షోకి వచ్చే జనం నాడి ఆయనకి తెలుసు. అంతకు నాలుగేళ్ల ముందు, 1981లో 'న్యాయం కావాలి' అంటూ రాధిక కోర్టుకెక్కింది. లాయరు మన తెనాలి శారద. కానీ జనం నోళ్లలో ఎక్కువగా నానింది గొడ్డలే.

ఇంతకీ ఆ గొడ్డలి దెబ్బ చట్టానికి ఎలా కనిపిస్తుంది? హత్యే! ఆత్మరక్షణ హక్కు ప్రమాదం నెత్తిమీద ఉన్నంతసేపే. నడివీధిలో చీర లాగినప్పుడు తిరగబడితే చెల్లుతుంది. తర్వాతెప్పుడో అదను చూసి చంపితే చెల్లదు. హఠాత్తుగా రెచ్చిపోయి చేశానన్నా వేడి చల్లారాక కుదరదు. పాత శిక్షాస్మృతిలో ఇంతే, 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఇంతే. కండబలం ఉన్నవాడు అక్కడికక్కడే కొడతాడు. లేని ఆడది అదను కోసం ఆగుతుంది. ఆ ఆగడమే ఆమె నేరాన్ని పెద్దది చేస్తుంది. చూశారా చిక్కు!

2017 నుంచి రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం మంగళగిరిలోనే ఉంది. మగ్గాల వీధికి కూతవేటు దూరం. అయినా మొగుడు కొట్టాడని స్టేషను గడప తొక్కడానికి ఆ వీధి ఆడపిల్లకి ఎంత దూరమో ఆమెనే అడగాలి.

2022 చివర్న దేశంలో ఖైదీలు 5,73,220 మంది. అందులో ఆడవాళ్లు 23,772, అంటే నూటికి నలుగురు. తక్కువేగా అంటారా? ఆ తక్కువే కొంప ముంచుతోంది. మహిళా జైళ్లూ తక్కువే మరి! రాజమండ్రిలో ఒకటుంది. మంగళగిరి నుంచి ములాఖత్‌కి వెళ్లొస్తే రోజు కూలి పోయినట్టే. మొగుడు లోపలుంటే పెళ్లాం క్యారేజీ పట్టుకుని పరిగెత్తుతుంది. పెళ్లాం లోపలుంటే ఎందరు మొగుళ్లు వెళ్తారు చెప్పండి?

మరి పిల్లలో? 2006లో మన ఆంధ్రప్రదేశ్ మీద నడిచిన ఆర్.డి.ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఆరేళ్లు వచ్చేదాకా బిడ్డ తల్లి దగ్గర ఉండచ్చు. జైల్లో పుట్టినా సర్టిఫికెట్‌లో జైలు అని రాయకూడదు. ఏడో ఏట ఆ బిడ్డ అమ్మని వదిలి గేటు దాటాల్సిందే.

మన హీరో జైలు గేటు దాటితే దండలు, జీపులు, టైటిల్ సాంగు. ఝాన్సీ విడుదలైన రోజుతో మొదలయ్యే సినిమా ఒక్కటి తీయకూడదూ? దర్శకులూ, వింటున్నారా?