మిత్రుడి బొమ్మలు.. పియానో మెట్లు

కీబోర్డు నేర్చుకున్నవాళ్లలో చాలామంది సినిమా పాటలు వాయించడం దగ్గరే ఆగిపోతారు. సొంతంగా ఒక బాణీ కట్టమంటే ‘దేని మీద?’ అని తెల్లమొహం వేస్తారు. రష్యాలో ఒక సర్కారీ ఉద్యోగికి 1874లోనే దీనికి జవాబు దొరికింది. స్నేహితుడి మీద!

ఆయన మోడెస్ట్ ముసోర్గ్‌స్కీ. పగలు సెయింట్ పీటర్స్‌బర్గ్ అటవీశాఖలో కొలువు, మిగతా వేళల్లో సంగీతం. ఆయన మిత్రుడు విక్టర్ హార్ట్‌మన్ ఆర్కిటెక్ట్, చిత్రకారుడు. 39 ఏళ్లకే, 1873లో హఠాత్తుగా చనిపోయాడు. మరుసటి ఏడాది అతని బొమ్మలు, డిజైన్లతో ప్రదర్శన పెట్టారు. అది చూసిన ముసోర్గ్‌స్కీ జూన్‌లో మూడు వారాల్లోనే పియానో రచన పూర్తిచేశాడు. అదే ‘పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్’. పది బొమ్మలకు పది చిన్న రచనలు. గుడ్డు పెంకులోంచి బయటపడని కోడిపిల్లల నాట్యమైతే నిమిషం పైచిలుకే!

అసలు కిటుకు బొమ్మల మధ్యలో ఉంది. ‘ప్రొమెనేడ్’ అనే బాణీ పదేపదే వస్తుంది. హాల్లో ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మ దగ్గరికి నడిచే మనిషి అది. అయిదు దెబ్బల తర్వాత ఆరు దెబ్బలు, కాస్త తడబడే నడక. మొదట హుందాగా ఉంటుంది. సమాధుల బొమ్మ తర్వాత అదే బాణీ గొంతు తగ్గి, వణికే పైస్వరాల కింద వినిపిస్తుంది. చివరి కీవ్ మహాద్వారంలో మళ్లీ వచ్చి ఆ ఘోషలో కలిసిపోతుంది. ఆ ద్వారం డిజైన్‌గానే మిగిలింది, ఎవరూ కట్టలేదు. ‘నాకు దుఃఖంగా ఉంది’ అని ఎక్కడా అరవకుండా ఒక్క బాణీని మార్చి మార్చి చెప్పాడాయన.

మీరూ ప్రయత్నించొచ్చు. ఫైనలియర్ అయ్యాక ఎవరి దారి వాళ్లదే కదా, ఇప్పుడే మొదలుపెట్టండి. స్నేహితుడి మంచితనం మీద రాయబోతే ఏమీ రాదు. అతను మెట్లెక్కే తీరో, మాట మధ్యలో ఆగే అలవాటో పట్టుకోండి. దానికి నాలుగైదు స్వరాలు చాలు. ఫోన్లో రికార్డు చేసి, అవే స్వరాలను నెమ్మదిగా, కింది స్థాయిలో, ఎడమచేతి తోడు లేకుండా వాయించి చూడండి. ఎనిమిది బార్లు దాటకండి. 61 మెట్ల కీబోర్డు సరిపోతుంది. నొటేషన్‌కు మ్యూజ్‌స్కోర్ ఉచితం.

ఉద్యోగానికి దీనితో పనేంటి అంటారా? షార్ట్ ఫిల్మ్‌లు, గేమ్‌లు, ప్రకటనలు చేసేవాళ్లకు కావలసింది ఇలాంటి చిన్న ముక్కలే. నన్నడిగితే పోర్ట్‌ఫోలియోలో పది నిమిషాల సింఫనీ కంటే మూడు వేర్వేరు మూడ్‌ల నిమిషం బిట్లే నయం. ఎవరికైనా ఇచ్చే ముందు ఒప్పందం కాగితం మీద ఉండాలి, ఫ్రెండే కదా అని వదిలేయొద్దు. మన కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా స్వరకర్తే మొదటి హక్కుదారు. ఉద్యోగంలో భాగంగా చేస్తే మాత్రం లెక్క మారుతుంది. బాణీలో స్నేహితుడు కూడా స్వరాలు కలిపితే అతని పేరూ వేయాల్సిందే.

ముసోర్గ్‌స్కీ 1881లో పోయాడు. ఈ రచన అచ్చయింది 1886లో. 1922లో రావెల్ ఆర్కెస్ట్రాకు మార్చాక ప్రపంచమంతా మోగింది. కానీ ముందు పియానో రూపమే వినండి, హార్ట్‌మన్ దగ్గరగా వినిపించేది అందులోనే.