పైన పొడి, లోపల తడి: వృద్ధులను దోచుకునే ఫోన్లు

నమ్మదగని వ్యక్తి ఎవరైనా ఒక వార్త తెస్తే, దాని నిజానిజాలు విచారించిన తరువాతనే అడుగు వేయాలని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా ఆరవ ఆయతు విశ్వాసులను ఆదేశిస్తోంది. తొందరపాటు చివరకు పశ్చాత్తాపానికే దారి తీస్తుందని కూడా హెచ్చరిస్తోంది. ఈ రోజు వార్త తెచ్చేవాడు గుమ్మం ముందుకు రానక్కర లేదు. దాదీ దిండు పక్కన మోగే ఫోను చాలు.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి మదీనా బజారులో ఒక ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులో చెయ్యి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి సంజాయిషీ చెప్పుకున్నాడు. మరి ఆ తడిసిన భాగాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించి, మోసం చేసేవాడు తన వాడు కాడని స్పష్టం చేశారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసును మనం వ్యాపారులకే పరిమితం చేస్తుంటాం. కానీ కొనేవాడికి కూడా ఇందులో పాఠం ఉంది. తాండూరు మార్కెట్ యార్డులో కందులు కొనేవారిని చూడండి. కుప్ప పైభాగం చూసి ఎవరూ ధర చెప్పరు. లోపలికి చెయ్యి పోనిచ్చి గుప్పెడు తీసి చూస్తారు. అంత తెలివిగల మన పెద్దలే ఫోనులో వచ్చే మాట విషయంలో పైభాగం చూసి మోసపోతున్నారు.

పైభాగం ఎలా ఉంటుంది?

ఫోను చేసినవాడు మర్యాదగా మాట్లాడతాడు. పేరు పెట్టి పిలుస్తాడు. ముస్లిం పేరని తెలిస్తే సలాం చెప్పి "చాచా" అని కూడా అంటాడు. బ్యాంకు పేరు చెబుతాడు. ఒక్కోసారి ఆధార్ నంబరులోని చివరి అంకెలు కూడా చదివి వినిపిస్తాడు. ఇవన్నీ నిజమే కావచ్చు. మన పేర్లు, నంబర్లు ఎన్నో చోట్ల రాసి ఇస్తున్నాం, అవి చేతులు మారుతున్నాయి. కనుక మన పేరు తెలిసినంత మాత్రాన అతడు బ్యాంకు మనిషి కాడు. అది కుప్ప మీద పరచిన పొడి కందులు మాత్రమే.

లోపలి తడి ఆ తరువాత బయటపడుతుంది. కేవైసీ గడువు ముగిసింది, సాయంత్రానికి ఖాతా ఆగిపోతుందంటాడు. పెన్షన్ తీసుకునే రైల్వే విశ్రాంత ఉద్యోగికయితే, లైఫ్ సర్టిఫికెట్ అందలేదు, వచ్చే నెల పెన్షన్ రాదంటాడు. మీ పేరిట వచ్చిన పార్సిల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయని, మీ మనవణ్ణి పోలీసులు పట్టుకున్నారని బెదిరిస్తాడు. కథలు వేరయినా పనిముట్లు మూడే. మొదటిది భయం. రెండవది తొందర. మూడవది రహస్యం. "ఇంట్లో ఎవరికీ చెప్పవద్దు, ఫోను పెట్టేయవద్దు" అన్న మాట వినబడితే చాలు, అవతల ఉన్నవాడు దొంగ అని తెలుసుకోవచ్చు. నిజమైన బ్యాంకు అధికారి ఎవరూ కొడుకుకు చెప్పవద్దని తండ్రిని కోరడు.

ఈ భయం ఎంత దూరం తీసుకువెళుతుందో 2025 సెప్టెంబరులో హైదరాబాద్ చూసింది. డెబ్బై ఏళ్లు దాటిన ఒక విశ్రాంత వైద్యురాలిని పోలీసులమని చెప్పుకున్న మోసగాళ్లు వీడియో కాల్‌లో సుమారు మూడు రోజులు బెదిరించారు. ఆమె పెన్షన్ ఖాతా నుంచి ఆరున్నర లక్షలకు పైగా లాగారు. ఆమె గుండెపోటుతో కన్నుమూసిన తరువాత కూడా ఆమె ఫోనుకు సందేశాలు పంపుతూనే ఉన్నారు. ఆమె చదువుకున్న మనిషి, జీవితమంతా రోగులను చూసిన మనిషి. కనుక ఇది అమాయకులకు మాత్రమే జరిగేదని ఎవరూ అనుకోరాదు. "డిజిటల్ అరెస్టు" అనేది మన చట్టంలో లేనే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న రేడియో ప్రసంగంలో దేశ ప్రజలకు చెప్పారు. ఈ నేరాలపై దర్యాప్తు జరపవలసిందిగా 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు సీబీఐని ఆదేశించింది. సైబర్ మోసాలలో దేశ ప్రజలు పోగొట్టుకున్న సొమ్ము 2023లో రూ.7,465 కోట్లు కాగా, 2024లో రూ.22,845 కోట్లకు చేరిందని ప్రభుత్వం లోక్‌సభకు తెలిపింది.

మన ఇళ్లలోని ప్రత్యేక పరిస్థితి

వికారాబాద్, తాండూరులలో మన పెద్దలు చాలామంది ఉర్దూ చదవగలరు, తెలుగు మాట్లాడగలరు, ఇంగ్లీషు చదవలేరు. ఓటీపీ నంబరుతో వచ్చే సందేశంలోనే దానిని ఎవరికీ చెప్పవద్దన్న హెచ్చరిక ఉంటుంది. కానీ అది సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. హెచ్చరిక చేతిలోనే ఉంటుంది, చదివేవాడు ఇంట్లో ఉండడు. కొడుకు పొద్దుటి రైలుకు హైదరాబాద్ వెళ్లి రాత్రికి గాని రాడు. మరొకడు గల్ఫ్‌లో ఉంటాడు. కోడలు పనిలో ఉంటుంది. తండ్రికి ఖరీదైన ఫోను కొనిచ్చాం, బాగానే ఉంది. దాన్ని వాడే తీరు నేర్పడానికి పక్కన ఒక గంట కూర్చున్నామా?

ఆ ఖాతాలో ఉన్నది ఏమిటో కూడా ఆలోచించాలి. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లలో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చి కూడబెట్టిన సొమ్ము అది. మనవరాలి నిఖాకు దాచినది. హజ్ కోసం నెలనెలా పక్కన పెట్టినది. అది పోతే డబ్బు ఒక్కటే పోదు, ఒక ముసలి మనిషి జీవితకాలపు ఆశ పోతుంది.

బఖరా సూరాలోని 282వ ఆయతు అప్పు వ్యవహారాలను రాసి ఉంచుకోవాలని చెబుతూ, బలహీనుడైనవాడు స్వయంగా చెప్పి రాయించలేకపోతే అతని తరఫున సంరక్షకుడు న్యాయంగా రాయించాలని నిర్దేశించింది. డబ్బు వ్యవహారంలో బలహీనుణ్ణి ఒంటరిగా వదలరాదన్న సూత్రం ఇందులో ఉంది. అయితే సంరక్షణ అంటే పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు లాక్కోవడం కాదు. పెద్దల సొమ్ము పెద్దలదే. పక్కన నిలబడటమే మన బాధ్యత.

పెద్దలకు నేర్పవలసినవి

ఓటీపీ, పిన్, కార్డు వెనుక ఉండే మూడంకెలు ఏ బ్యాంకూ ఫోనులో అడగదు. డబ్బు మనకు రావడానికి పిన్ నొక్కవలసిన అవసరం లేదు, డబ్బు మన నుంచి పోవడానికే పిన్ కావాలి. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, అవి ప్రభుత్వ పథకం పేరుతో వచ్చినా, పెళ్లి పత్రిక పేరుతో వచ్చినా, తెరవరాదు. ఎవరో చెప్పారని ఫోనులో ఏదో కోడ్ నొక్కి ఆపై వారిచ్చిన నంబరు కలిపితే మన కాల్స్ వారికి మళ్లిపోవచ్చు. ఖాతాలకు సంబంధించి బ్యాంకులు చేసే కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి చేయాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు సూచించింది. ఆ నంబరు నుంచి వచ్చినా రహస్య అంకెలు మాత్రం చెప్పనవసరం లేదు. అనుమానం వస్తే ఫోను పెట్టేసి, పాస్‌బుక్కు పట్టుకొని శాఖకు వెళ్లడమే కుప్పలో చెయ్యి పెట్టి చూడటం.

మోసం జరిగిపోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఫిర్యాదు త్వరగా అందితే, డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పారిపోయేలోగా ఆపే అవకాశం ఉంటుంది. ఆ తరువాత బ్యాంకుకు చెప్పి రసీదు తీసుకోవాలి. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఒక ముఖ్య సూత్రాన్ని చెప్పింది. ఖాతాదారే రహస్య అంకెలు చెప్పి నష్టపోయినా, బ్యాంకుకు తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకు భరించాలి. అంటే మౌనంగా గడిచే ప్రతి నిమిషమూ మనకే నష్టం.

కానీ పెద్దలు మౌనంగానే ఉంటారు. ఎందుకంటే సిగ్గు. కొడుకు ఏమంటాడో, కోడలు నవ్వుతుందేమో అని భయం. తల్లిదండ్రులను "ఉఫ్" అని కూడా అనరాదని బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయతు మనకు నేర్పింది. "ఇంత వయసు వచ్చింది, బుద్ధి లేదా?" అనే మాట ఉఫ్ కన్నా ఎంత పెద్దది! ఆ ఒక్క మాట భయంతో ఎందరు తండ్రులు రెండు రోజులు దాచి, మూడవ రోజు చెబుతున్నారో! దొంగ తీసుకున్నది డబ్బు. మన కోపం తీసుకునేది సమయాన్ని.

యువకులకు ఒక మాట

దోచిన సొమ్ము నిలవడానికి ఎవరి ఖాతాయో కావాలి. కమీషన్ ఇస్తామంటే తమ ఖాతాను, సిమ్ కార్డును అద్దెకిచ్చే కుర్రవాళ్లు ఉన్నారు. తాము ఎవరినీ మోసం చేయలేదని వారు సమాధానపడవచ్చు. పాపంలో సహకరించవద్దని మాయిదా సూరా రెండవ ఆయతు స్పష్టంగా ఆదేశించింది. ఒక వృద్ధురాలి హజ్ సొమ్ము ఒక గంటసేపు మీ ఖాతాలో నిలిచినా, ఆ కమీషన్ హరామ్. చట్టం ముందు అది నేరం కూడా.

వికారాబాద్‌లోనూ తాండూరులోనూ ప్రతి మస్జిద్‌లో జుమా బయాన్‌లో ఐదు నిమిషాలు ఈ విషయానికి కేటాయించాలని ఇమాములను, కమిటీ పెద్దలను కోరుతున్నాం. 1930 అనే అంకెలు ఉర్దూలో, తెలుగులో పెద్దగా రాసి వజూఖానా గోడకు అంటించాలి. మక్తబ్‌లో చదివే పిల్లలు వారానికి ఒకసారి తమ దాదా, దాదీల ఫోనుకు వచ్చిన సందేశాలు చదివి వినిపించాలి. మస్జిద్‌కు రాలేని స్త్రీలకు ఇళ్లలోనే ఈ మాట చేరాలి, ఎందుకంటే పగలంతా ఫోనుతో ఒంటరిగా ఉండేది వారే.

ఈ రోజు నమాజు ముగించుకొని ఇంటికి వెళ్లాక అబ్బా పక్కన కాసేపు కూర్చోండి. ఎటువంటి ఫోను వచ్చినా, ఎంత పొరపాటు జరిగినా, మొదట తమకే చెప్పమని, కోప్పడబోమని మాట ఇవ్వండి. అల్లాహ్ మన పెద్దల కష్టార్జితాన్ని కాపాడుగాక. వారికి నీడగా నిలిచే బుద్ధిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.