మేలు పద్దు రాస్తున్నారా?

పాల పద్దు, చాకలి పద్దు, చీటీల పద్దు. ఇవి లేని ఇల్లు ఒకప్పుడు అరుదు. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుంచి ఎంత రావాలో పైసలతో సహా రాసుకునేవారు. కాని, ఈ వారం ఎవరి వల్ల మనకు ఏ మేలు జరిగిందో రాసుకునే అలవాటు చాలా ఇళ్లలో లేదు. అలా రాసుకోవడం మనసుకే గాక ఒంటికి కూడా కొంత మంచిదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ మంచి ఎంతవరకో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఈ వారం చెప్పుకుందాం.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలనే చూడండి. ఉద్యోగ పరీక్షల కోసం జిల్లాల నుంచి వచ్చి హాస్టలు గదుల్లో ఉంటున్న యువతీ యువకులు ఇక్కడ ఎందరో. పక్క మీద వాలగానే వారికి గుర్తుకొచ్చేది ఆ రోజు చదవలేకపోయిన పాఠం. కొత్తపేటలో గృహిణికి గుర్తుకొచ్చేది పిల్లవాడికి కట్టవలసిన ఫీజు. వనస్థలిపురంలో పింఛను తీసుకునే పెద్దాయనకు, ఫోను చేయని కొడుకు. మనసు మంచికన్నా చెడును గట్టిగా పట్టుకుంటుంది. ప్రమాదం నుంచి కాపాడుకోవడానికి ప్రకృతి ఇచ్చిన గుణమిది. పడుకునే వేళ కూడా అది పని మానకపోతే నిద్ర పట్టదు.

పరిశోధనల్లో ఏం తేలింది?

అమెరికాలో ఎమ్మన్స్, మెక్‌కల్లా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2003లో ఒక పరిశోధన ప్రకటించారు. విద్యార్థులను మూడు జట్లు చేసి, ఒక జట్టును వారానికొకసారి తమకు జరిగిన మేళ్లు ఐదు వరకు రాయమన్నారు. రెండవ జట్టు చికాకులు రాసింది. మూడవ జట్టు మామూలు సంగతులు రాసింది. పది వారాలయ్యాక చూస్తే, మేళ్లు రాసినవారిలో తృప్తి ఎక్కువగా, ఒంటి నలతలు తక్కువగా కనిపించాయి. నరాలు, కండరాల జబ్బు ఉన్న మరికొందరు 21 రోజులు రోజూ రాశారు. తమకు నిద్ర ఎక్కువసేపు పట్టిందని వారు చెప్పారు.

అయితే అతిగా ఆశించకండి. తరువాతి పరిశోధనలన్నీ కలిపి చూసినవారు దిగులు మీద, ఆందోళన మీద దీని ప్రభావం స్వల్పమేనని తేల్చారు. ఇది పథ్యం వంటిది. మందుకు తోడుగా ఉంటుందే గాని మందు పని చేయదు.

ఎలా రాయాలి?

ఒక మామూలు నోటుబుక్కు చాలు. ఆదివారం రాత్రి ఒక్క పేజీ రాయండి. రోజూ రాస్తే కొందరికి అది మొక్కుబడిగా మారుతుంది. మూడు సంగతులు చాలు గాని, వివరంగా రాయండి. ‘అందరికీ కృతజ్ఞతలు’ అని రాస్తే ప్రయోజనం లేదు. ‘మంగళవారం మెట్రోలో నిలబడలేకపోతుంటే, చైతన్యపురిలో ఎక్కిన అమ్మాయి తనకు దొరికిన సీటు నాకిచ్చింది’ అని రాస్తే ఆ క్షణం మళ్లీ కళ్ల ముందుకు వస్తుంది.

ఏడాది పొడుగునా విసుగు రాకుండా ఉండాలంటే పద్ధతి మారుస్తూ ఉండండి. ఉగాదినాడు మొదలుపెట్టండి. ఎండాకాలంలో చల్లటి మజ్జిగ ఇచ్చినవారి బొమ్మ పిల్లల చేత వేయించండి. బతుకమ్మ రోజుల్లో ఒక తంగేడు పువ్వు పేజీల మధ్య ఉంచి, పూలు తెచ్చిపెట్టిన వారి పేరు పక్కన రాయండి. సంక్రాంతికి ఒక ముగ్గు వేసి, చుక్కకొక పేరు రాయండి. చదువురాని నాయనమ్మ చెబుతుంటే మనవరాలు రాయవచ్చు. నెలకొకసారి, పద్దులో ఉన్న ఒకరికి ఆ మాట స్వయంగా చెప్పండి. మరుసటి ఉగాదికి ఇంటిల్లిపాదీ కూర్చుని చదువుకోండి. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఉన్నట్టే, కష్టమైన వారాలు కూడా అందులో ఉండనివ్వండి.

జాగ్రత్తలు

కృతజ్ఞత పేరుతో అన్యాయాన్ని ఓర్చుకోనక్కరలేదు. కొట్టే భర్తకు ‘తిండి పెడుతున్నాడు గదా’ అని పద్దు రాయమని ఏ ఇల్లాలికీ చెప్పకూడదు. దెబ్బలు తినేవారికి కావలసింది సహాయం.

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. అటువంటి ఘోరం చూసి ఉలిక్కిపడేవారితో ‘బతికి బయటపడ్డావు, సంతోషించు’ అనడం వైద్యం అనిపించుకోదు. వారిని చెప్పుకోనివ్వండి, వినండి. చాలాకాలం తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

పద్దు ఖాళీగా ఉంటే?

ఒక వారం ఏమీ తోచకపోవడం అందరికీ ఉన్నదే. రెండు వారాలకు పైగా రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం, తాను పనికిరానివాడినన్న ఆలోచన ఉంటే అది సోమరితనం గాని, కృతఘ్నత గాని కాదు. అది డిప్రెషన్ కావచ్చు. డిప్రెషన్‌కు చికిత్స ఉంది. హాస్టలులో మీ పక్క మంచం కుర్రవాడు అలా ఉంటే, ‘మంచి విషయాలు ఆలోచించు’ అని వదిలేయకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ప్రభుత్వ టెలిమానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

బి.పి., షుగరు, దిగులు మందులు వాడుతున్నవారు పద్దు రాస్తున్నామని మందులు మానకండి. మందులు వేసుకుంటూనే, వచ్చే ఆదివారం మొదటి పేజీ తెరవండి.